సీతమ్మ పోగునూలు

సారక్క ముందు దాన్ని దారమే అనుకుంది.

జనవరి నెల, పొద్దు పొడిచి గంటయింది. సూరత్ పొలిమేరలో, కడోదరా దాటాక కాలువ పక్కనున్న ఛగన్‌భాయ్ చేనులో రజకో ఇంకా మోకాలెత్తు రాలేదు. రజకో అంటే పాడిపశువులకు వేసే పచ్చిమేత, చూడడానికి మెంతికూరకు పెద్దక్కలా ఉంటుంది. మొదటి కోత అయి ఇరవై రోజులు. బోరు పక్కన, నులకమంచం పట్టేంత మేర, ఆ ఆకుల మీద పసుపురంగు పోగులు చిక్కుపడి ఉన్నాయి. చేను వెనక అద్దకం ఫ్యాక్టరీ ఉంది. వాళ్ళు పారేసే తుక్కు నూలు గాలికి ఎగిరొచ్చి కంచెకు పట్టుకోవడం రోజూ ఉన్నదే. ఇదీ అదేననుకుని, కొడవలి పక్కన పెట్టి వంగింది.

ముప్పై ఏళ్ళు కండెలు చుట్టిన వేళ్ళవి. చీకట్లో కూడా కాటన్ ఏదో పాలిస్టర్ ఏదో చెప్పేస్తాయి. ఆ వేళ్ళు పోగును తాకి ఆగిపోయాయి. చల్లగా ఉంది. లాగితే తెగింది. తెగినచోట నీరు ఊరింది.

“ఇదేం నూలు” అని గొణుక్కుంది. అయినా చేతికి అలవాటైన పని కాబట్టి, మగ్గం మీద చిక్కు తీసినట్టే ఒక్కో పోగూ విడదీసి ఉండ చుట్టింది.

సారక్కకు నలభై తొమ్మిదేళ్ళు. సిరిసిల్ల దగ్గర పల్లెలో పుట్టి, పంతొమ్మిదో ఏట గంగారాంను పెళ్ళాడి సూరత్ రైలెక్కింది. దిగిన చోటు గోడాదరా. పదడుగుల గది, గుమ్మం పక్కన కండెలు చుట్టే మిషను, అయిదు సందులవతల గంగారాం నడిపే సాంచెలు. పవర్‌లూమ్‌ను వాళ్ళు సాంచె అంటారు. ఒక్క మనిషికి ఆరు సాంచెలు, పన్నెండు గంటలు. కిటికీ తెరిస్తే గాలికి పోగు తెగుతుందని సేటు కిటికీలు మూయించేవాడు. పోగు తెగితే సేటుకు నష్టం. ఊపిరి తెగితే అది మనిషి సొంత వ్యవహారం. ఇరవై తొమ్మిదేళ్ళు గంగారాం ఆ దుమ్ములో నిలబడ్డాడు. దగ్గు మొదలైతే బెల్లంముక్క చప్పరించాడు. బెల్లం దుమ్మును కిందికి దింపుతుందని సాంచెల మీద అందరూ నమ్ముతారు. బెల్లం చవక కనుక సేట్లు కూడా నమ్ముతారు.

2020 మార్చిలో సాంచెలు ఒక్క పూటలో ఆగిపోయాయి. పెళ్ళయి వచ్చిన నాటినుంచి గోడాదరాలో అంత నిశ్శబ్దం సారక్క వినలేదు. సేటు ఫోను మూసేసుకున్నాడు. దేశానికంతా చీరలు నేసిన పేట, కిచిడీ పొట్లం కోసం ఎండలో రెండేసి గంటలు వరసలో నిలబడింది. మే నెలలో రైళ్ళు వేశారని తెలిసి, వీళ్ళూ మూట కట్టుకుని బస్సులెక్కించే మైదానానికి వెళ్ళారు. అక్కడ గంగారాం దగ్గాడు. వరసంతా పక్కకు జరిగిపోయింది. జ్వరం లేదని యంత్రం చెప్పినా, పరీక్ష చేసే మనిషి చేత్తోనే వెనక్కి పొమ్మన్నాడు. తర్వాతి బండికీ వెళ్ళారు. దగ్గు కూడా వెంటే వెళ్ళింది.

ఎక్స్‌రే చూసిన డాక్టరు తేల్చి చెప్పాడు. “ఇది కరోనా కాదు, దుమ్ము. మళ్ళీ సాంచెల మీదికి పంపితే ఎక్కువ కాలం ఉండడు.”

జూన్ చివర సాంచెలు తెరుచుకున్నాయి. గంగారాం చొక్కా తొడుక్కున్నాడు.

“ఏడికి?”

“ఇంకేడికి. పనికి.”

“పో. పోయి ఆ సాంచె పక్కకే పండుకో. బువ్వ గాడికే తెస్త. రేపు పీనుగను గూడ గాడికెల్లే లేపుకపోత.”

గంగారాం చొక్కా విప్పేశాడు. ఆయన్ని మళ్ళీ ఆ గేటు లోపలికి పోనివ్వకూడదన్న ఒక్క పట్టుతో, ఆరోజు నుంచి సారక్క బతికింది.

తోపుడుబండి మీద కూరగాయలమ్మే బుచ్చవ్వ ఈ చేను సంగతి చెప్పింది. ఛగన్‌భాయ్‌కి కూలీలు దొరకడం లేదు. చేనులో గది ఇస్తాడు. మేతకోతకు కూలి, చివర్లో విత్తనానికి వదిలే పంటలో నాలుగో వంతు భాగం. నచ్చితే ఏటేటా ఉండొచ్చు. నవంబరులో విత్తారు. డిసెంబరు ఆఖరుకు గంగారాం కాలువ దాకా నడిచి, మధ్యలో ఎక్కడా కూర్చోకుండా తిరిగొచ్చాడు. ఆ రోజు సారక్క సర్వపిండి చేసింది. ఆయన రెండు తిని, మూడోది అడిగాడు.

ఇప్పుడు ఆ చేనులో ఈ పసుపు పోగు.

తీసేసిన నాలుగో రోజుకు అదే చోట మళ్ళీ పరుచుకుంది. ఈసారి పక్కన ఇంకో రెండు చోట్ల. సారక్క ఛగన్‌భాయ్‌కి ఫోను చేసింది. ఆయనకు షుగరు. దీపావళి తర్వాత వాళ్ళ నాన్న కరోనాతో పోయినప్పటి నుంచి ఇంట్లోవాళ్ళు ఆయన్ని గడప దాటనివ్వడం లేదు. వ్యవసాయమంతా ఫోనులోనే.

“సేఠ్, ఖేత్ మే పీలా ధాగా ఆయా హై” అంది. చేనులోకి పసుపు దారం వచ్చిందని.

“ధాగా తో ఆయేగా, సూరత్ హై” అని నవ్వాడాయన. సూరత్ కదా, దారం రాక ఏమొస్తుంది. పీకి పారెయ్యమన్నాడు.

“రోజ్ బఢ్‌తా హై, సేఠ్.” రోజూ పెరుగుతోందని.

“బఢేగా హీ. ఫ్యాక్టరీ చాలూ హో గయీ నా.” ఫ్యాక్టరీ మళ్ళీ మొదలైందిగా, ఎక్కువే వస్తుందని ఫోను పెట్టేశాడు.

సారక్క చెప్పింది నిజమే. ఆయన విన్నదీ ఆ మాటే. కాని ఇద్దరూ చెరో వస్తువు గురించి మాట్లాడుకున్నారు.

ఆ వారం పక్క చేలల్లో కూరగాయలు కొనడానికి వచ్చిన బుచ్చవ్వ, సారక్క చేతిలోని ఉండ చూసి కొంగు సర్దుకుంది.

“ఓసి, ఇది సీతమ్మ పోగునూలు గదనే. మా అత్త చూపెట్టేది, ఊరి కంచెల మీద. వనవాసంల సీతమ్మ వడికిన నూలంట.”

“ఏం జెయ్యాలె మరి?”

“తొక్కకు. కాల్చకు. నూలును కాల్చే చెయ్యి మనదా? మెల్లగ తీసి కంచె మీద ఎయ్యి. గాడనే పడి ఉంటది.”

నేతపని ఇంట్లో పుట్టిన మనిషికి ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు. నేలమీద పోగు కనిపిస్తే దాటదు, తీసి గూట్లో పెడుతుంది. అలా నలభై రోజులు, పొద్దున్నే లేచి, ఎక్కడ పోగు కనబడితే అక్కడ ఓపిగ్గా విడదీసి, ఒళ్ళో వేసుకుని, చేనంతా నడిచి వెళ్ళి చుట్టూ ఉన్న రేగు కంచె మీద ఆరేసింది. చిక్కు తియ్యడంలో తనంత ఓర్పు ఎవరికీ లేదని లోలోపల కొంచెం గర్వం కూడా. ఫిబ్రవరిలో రెండో కోత అయ్యాక చేనును విత్తనానికి వదిలేశారు. మార్చి నాటికి కంచె బంగారం పోతపోసినట్టు మెరిసింది. చేనులో మాత్రం రజకో పాలిపోయింది. కొన్నిచోట్ల పచ్చదనం కిందకి పోయి, పైనంతా పసుపే.

కోమలి వచ్చింది అప్పుడే. హజీరాలో ఇంజినీరుగా పనిచేసే రామారావు కూతురు. నవ్‌సారిలో వ్యవసాయం చదువుతోంది. కళాశాల మూసేస్తే, ఊళ్ళలో పశుగ్రాసం పంటలు చూసి రాసుకురమ్మన్నారని స్కూటీ మీద తిరుగుతోంది. తెలుగువాళ్ళున్నారని విని చేనులోకి దిగింది. అదే రోజు, కొన్ని నెలల తర్వాత మొదటిసారి, ఛగన్‌భాయ్ కూడా వచ్చాడు. కాని కారు దిగకుండా రోడ్డు మీదే ఉన్నాడు.

“ఆంటీ, ఇది ఎప్పట్నుంచి ఉందండీ?”

“జనవరికెల్లి. తీస్తున్న కొద్ది వస్తది. నాకు ఒకటే సమజ్ గాదు బిడ్డా. దీని వేరేది? ఎంత దేవులాడినా దొర్కలె.”

“దొరకదండీ. దీనికి వేరుండదు.”

కోమలి ఒక పోగును కాండం నుంచి కొంచెం కొంచెంగా ఊడదీసి చూపించింది. పోగు చుట్టుకున్నచోట లోపలివైపు చిన్న చిన్న బుడిపెలు, వాటి గాట్లు కాండం మీద. విత్తనం మొలిచినప్పుడు కొద్దిపాటి వేరుంటుందని చెప్పింది. ఆకు లేదు, తిండి వండుకునే పచ్చదనం లేదు. ఆ దారప్పోగు గాలిలో గుండ్రంగా తిరుగుతూ పక్కనున్న మొక్కను తడుముకుంటుంది. కొద్దిరోజుల్లో దొరక్కపోతే ఎండి చస్తుంది. దొరికితే చుట్టుకుని, బుడిపెల్ని లోపలికి దించి, రసం తాగుతుంది. తాగడం మొదలుపెట్టాక తన వేరును తానే వదిలేస్తుంది. ఇక నేలతో దానికి పని లేదు.

“అంటే దుక్కి దున్నది, వంట వండది. ఇంకోని నెత్తురు తాగి బంగారం లెక్క మెరుస్తది” అంది సారక్క. “మా సాంచెల సేటు లెక్కనే ఉన్నది.”

కోమలి నవ్వింది. కొంచెం దూరంలో కూర్చున్న గంగారాం కూడా నవ్వబోయి దగ్గాడు.

“మరి తీసినవి ఎక్కడ పడేశారండీ?”

సారక్క కంచె వైపు చెయ్యి చాపింది. తను చేసిన పని ఎవరైనా చూడాలని అన్నాళ్ళుగా ఉంది ఆమెకు. “పడెయ్యలె బిడ్డా. ఒక్క పోగు కింద పడనియ్యలె.”

కోమలి కంచెనంతా చూసింది. ఆ తర్వాత సారక్క మొహం చూడకుండా చెప్పింది. “వేలెడు ముక్క చాలు ఆంటీ. పక్క మొక్కను పట్టుకుని మళ్ళీ బతికేస్తుంది. మీరు ఒళ్ళో వేసుకుని నడిచిన దారిలో…”

చేనులో పసుపు ఎక్కడెక్కడ ఉందో సారక్కకు ఒక్కసారిగా కనబడింది. అది తను రోజూ నడిచే దారి.

కోమలి రోడ్డు వైపు తిరిగి ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పింది. “అమర్‌వేల్.”

చావులేని తీగ అని ఆ మాటకు అర్థం. ఆ ప్రాంతంలో రైతులందరికీ తెలిసిన పేరు. ఛగన్‌భాయ్ కారు తలుపు వేయడం కూడా మర్చిపోయి, మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ చేనులోకి పరుగెత్తుకొచ్చాడు.

“ఎందుకు చెప్పలేదు నాకు?” అని హిందీలో అరిచాడు.

“చెప్పాను సేఠ్. పీలా ధాగా అని, రోజూ పెరుగుతోందని ఫోనులో చెప్పాను.” ఆమె హిందీ తడబడింది.

“ధాగా అన్నావు. అమర్‌వేల్ అని ఎందుకనలేదు?”

“మా భాషలో దాని పేరు నూలే సేఠ్.”

“మీ భాషకో దణ్ణం. మీరే అమర్‌వేల్. ఎక్కడినుంచో వస్తారు, పట్టుకుంటారు, పట్టుకున్న చోటును ఎండబెట్టి పోతారు.”

గంగారాం లేచి నిలబడ్డాడు. సారక్క చేత్తోనే కూర్చోమంది. వాళ్ళు పట్టుకున్న చోటు ఎక్కడ ఎండిందో చూపించమంటే ఛగన్‌భాయ్ చూపించలేడు. ఈ నగరపు మార్కెట్లు, మేడలు, ఆయన కారుతో సహా, ఎవరి రసం తాగి పెరిగాయో గంగారాం ఎక్స్‌రే చూస్తే తెలుస్తుంది. కాని ఎక్స్‌రేలు చూపించి గెలిచే వాదన కాదది. గది ఆయనది.

“విత్తనం ఎక్కడ కొన్నారండీ?” అని కోమలి హిందీలో అడిగింది. “ఇది రజకో విత్తనంలో కలిసే వస్తుంది. సీలున్న సంచేనా?”

ఛగన్‌భాయ్ ఫోను తీసి చూసుకున్నాడు. పోయినేడు కొట్లు మూసి ఉన్నాయని, తెలిసినవాళ్ళ దగ్గర విడిగా, చవగ్గా తెచ్చానని కాసేపటికి చెప్పాడు. చెప్పిన గొంతులో తప్పు ఒప్పుకున్న జాడ లేదు. తప్పు అప్పటికే సారక్క ఖాతాకు చేరిపోయింది.

ఏం చెయ్యాలో కోమలే చెప్పింది. పూత వచ్చేసింది, కొన్నిచోట్ల కాయ కూడా. పట్టినచోట రజకోతో సహా మొదలంటా కోసి, ఎక్కడికీ మొయ్యకుండా, అక్కడే ఎండుగడ్డి పోసి కాల్చాలి. మోస్తే దారిపొడుగునా రాలుతుంది. పశువుకు వేస్తే గింజ అరగదు, పేడలో బతికే బయటికొస్తుంది. నేలలో పడిన గింజ పదేళ్ళు, అంతకుమించి కూడా నిద్రపోతుంది. మొదట్లోనే, ఆ మంచమంత చోటును కాల్చేసి ఉంటే అయిపోయేది.

“మంచమంత” అని సారక్క ఆ మాటను తిరిగి అంది.

ఫిబ్రవరి కోత ఆమెకు గుర్తొచ్చింది. టెంపోలో పోయిన పచ్చిమేత ఎన్ని పాకల్లో దిగిందో, ఆ పేడ ఎన్ని చేలకు తోలారో.

కాల్చింది ఆమే. కంచెతో మొదలుపెట్టింది. అగ్గిపుల్ల గీసి చాలాసేపు పట్టుకుంది. అది వేలి దాకా కాలాక, ఇంకోటి గీసింది. నూలును కాల్చే చెయ్యి తనది కాదనుకున్న మనిషి నాలుగు రోజులు అదే పని చేసింది. పచ్చి రజకో సరిగా మండక చేనంతా పొగ. గంగారాంను కాలువ అవతలికి పంపింది. అయినా ఆ దగ్గు కాలువ దాటి వినిపించింది. చేనులో మూడు వంతులు నల్లబడింది. తూర్పు మూల ఒక్కటి మిగిలింది.

“ఆ మూల గింజ శుభ్రంగా వస్తే, మీరుండే సంగతి చూద్దాం” అన్నాడు ఛగన్‌భాయ్. సారక్క ఆ మాటను పట్టుకుంది.

ఏప్రిల్‌లో రెండోసారి జబ్బు ఊరిమీద పడింది. అంబులెన్సుల కూతలు హైవే మీదనుంచి రోజంతా వినబడేవి. బుచ్చవ్వ బండి రావడం మానేసింది. ఎందుకు మానేసిందో వారం తర్వాత తెలిసింది. కడసారి చూడ్డానికి వెళ్ళే వీలు కూడా లేకపోయింది. సారక్క మూల మడిలోనే పొద్దంతా ఉండేది. కొత్త పోగు కనబడితే చుట్టుపక్కల జానెడు మేర కోసి అక్కడే కాల్చేది. కాళ్ళు దులుపుకోకుండా ఇంకో వరసలోకి అడుగు పెట్టేది కాదు.

మేలో గింజ చేతికొచ్చింది. కోమలి ఫోనులో ఒక ఉపాయం చెప్పింది. రజకో గింజ నున్నన. అమర్‌వేల్ గింజ ఇంచుమించు అంతే ఉంటుంది కాని గరుకు. పెద్ద విత్తన కంపెనీలు మఖ్మల్ చుట్టిన రోలర్ల మీద పోస్తాయి. గరుకుది గుడ్డకు అంటుకుంటుంది, నున్ననిది జారిపోతుంది.

“మఖ్మల్ గుడ్డనా? సూరత్‌ల మఖ్మల్‌కు కరువా బిడ్డా” అంది సారక్క. ఆ ఏడాదిలో ఆమె గొంతులో అంత హుషారు గంగారాం వినలేదు.

గోడాదరాలో పాత ఇంటివాళ్ళ దగ్గర మఖ్మల్ ముక్కలు తెచ్చింది. గంగారాం చెక్కబల్లకు వాటిని బిగించి కొట్టి, ఇటుకలు పెట్టి వాలు కుదిర్చాడు. సాంచె వాలు సరిచూసిన కన్ను అది. ఒకే చూపుతో కుదిరింది. ఆమె గుప్పెడు గుప్పెడు పైనుంచి జార్చింది. బంగారు గింజ జలజలా కిందికి పోయింది. గుడ్డ మీద బూడిదరంగు నలుసులు నిలిచాయి. గుడ్డ దులపడానికి ప్రతిసారీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఒక్కో గింజనూ మూడుసార్లు జార్చింది. పదకొండు రోజులకు రెండు సంచులు నిండాయి.

కోమలి వచ్చి, సంచి లోపల్నుంచి గుప్పెడు తీసి తెల్లకాగితం మీద పోసి, భూతద్దంతో చాలాసేపు చూసింది.

“రెండున్నాయి ఆంటీ.”

“రెండేనా. మస్తు మంచిగైంది.”

“ఇంత శుభ్రంగా చేత్తో తీయడం నేనెక్కడా వినలేదండీ. కాని విత్తనంగా అమ్మకూడదు.”

“రెండే గద బిడ్డా.”

“ఈ చేనులోకి వచ్చినప్పుడూ రెండే అయ్యుంటాయి.”

సారక్క కాగితం మీది ఆ రెండు నలుసుల్ని వేలికొనతో అద్ది తీసింది. ఎక్కడ వెయ్యాలో తెలియక అలాగే కూర్చుంది.

అమ్మకూడదన్న మాట ఛగన్‌భాయ్‌కి కూడా కోమలి చెప్పింది. ఆయన తలూపాడు. మర్నాడు టెంపో వచ్చింది, రెండు సంచులూ ఎక్కాయి. ఎవరికని సారక్క అడిగితే, “తెలిసినవాళ్ళకు” అన్నాడు. విడిగా, చవగ్గా. ఆమె భాగం కాలిపోయిన మూడు వంతుల్లో ఉందట. మిగిలిన మూల ఆయనదట. ఈ నేలలో ఇక పదేళ్ళు రజకో వెయ్యకూడదు కాబట్టి చెరుకు నాటిస్తాడు. చెరుకును ఈ తీగ పట్టదు. చెరుకు కొట్టేవాళ్ళు గుంపుగా వాళ్ళే వస్తారు, గది వాళ్ళకు కావాలి. నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. చెప్పడం మాత్రం మర్యాదగానే చెప్పాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి గోడాదరాలో సగం సందులు మళ్ళీ ఖాళీ. ఏప్రిల్‌లో పోయినవాళ్ళు పోగా, భయపడి ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. సాంచెలకు మనుషులు లేరు. ఎవరొచ్చినా తీసుకుంటున్నారు, దగ్గు ఒక్కటి లేకపోతే చాలు. కండెలు చుట్టే పని సారక్కకు దొరకలేదు. సాంచెలు నిండుగా నడిస్తేనే కండెలు. అద్దెగదిలో నాలుగో రోజు గంగారాం చొక్కా తొడుక్కున్నాడు. ఈసారి ఎక్కడికని ఆమె అడగలేదు. ఆయన జేబులో బెల్లంముక్క పెట్టి, తనూ వెంట నడిచింది.

గేటు దగ్గర జ్వరం చూసే యంత్రం పట్టుకుని మహేశ్ నిలబడ్డాడు. వాళ్ళ సందులోనే పెరిగినవాడు, ఇప్పుడు ఆ కార్ఖానాలో పనివాళ్ళను చూసుకునే ముకద్దం.

“కాకా, ఖాంసీ గీంసీ, దగ్గేమన్న ఉన్నదా? సచ్ చెప్పు. సేటు నన్ను తిడ్తడు.”

“లేదురా.”

మహేశ్ ఆయన్ని నమ్మనట్టు సారక్క వైపు తిరిగాడు. “చిన్నమ్మా, నువ్వు చెప్పు. కాకా అబద్ధం ఆడుతడు గని, నువ్వు ఆడవు.”

గంగారాం మాస్కు వెనక ఊపిరి బిగపట్టాడు. మెడ నరాలు ఉబ్బడం ఆమెకు కనబడుతోంది.

“లేదు బిడ్డా” అంది సారక్క. “పొలం గాలికి పోయింది.”

మహేశ్ గేటు తీశాడు. గంగారాం వెనక్కి చూడకుండా లోపలికి నడిచాడు. తలుపు మూసుకున్నాక లోపల ఒక దగ్గు, వెంటనే ఇంకోటి వినబడ్డాయి. మహేశ్ తలెత్తాడు. అంతలో మొదటి సాంచె కదిలింది, తర్వాత రెండోది, మూడోది. ఆరూ మొదలయ్యేసరికి ఇక ఏదీ వినబడలేదు.

మహేశ్ యంత్రం పట్టుకుని తర్వాతి మనిషి వైపు తిరిగాడు. సారక్క కాసేపు అక్కడే నిలబడింది.